తొమ్మిదేళ్ళు వాడిన సీప్యాప్ మెషిన్ మార్చాలంటే ఏం చేయాలి, ఏం చేయకూడదు

మొన్న వేసవిలో ఒక రాత్రి మా ఆవిడ తట్టి లేపి "ఏమండీ, మీ మెషిన్ ఈల వేస్తోంది, మీకు వినబడట్లేదా?" అంది. మాస్కు బిగించుకుని ఒళ్ళు తెలియకుండా పడుకున్నవాడికి ఏం వినబడుతుంది చెప్పండి. లేచి చెవి దగ్గర పెట్టి వింటే నిజమే, కుక్కర్ కూత పెట్టబోయే ముందు సన్నగా సుయ్‌మంటుంది చూడండి, అలాంటి చప్పుడు. సీప్యాప్ అంటే నిద్రలో ఊపిరి ఆగిపోకుండా మాస్కులోంచి ఒత్తిడితో గాలి పంపే మెషిన్. 2016లో కొన్న రెస్‌మెడ్ కంపెనీ ఎయిర్‌సెన్స్ 10 అది, తొమ్మిదేళ్ళు ఒక్క రిపేరూ లేకుండా పనిచేసింది, ఇక దీని పని అయిపోయింది, 70 వేలు వదిలినట్టే అనుకుంటూ మళ్ళీ పడుకున్నాను.

తెల్లారాక చూస్తే తప్పు మెషిన్‌ది కాదు, గొట్టానిది. బాత్‌రూంలో బకెట్ నిండా నీళ్ళు పట్టి, గొట్టం ఒక చివర అరచేత్తో మూసేసి, రెండో చివర నోటితో ఊదుతూ నీళ్ళలో ముంచాను, సైకిల్ షాపులో ట్యూబ్ పంక్చర్ వెతికినట్టు. మాస్కు వైపు రబ్బరు కఫ్ దగ్గర, రోజూ వంగే చోట, వరసగా బుడగలు. గొట్టం మార్చగానే ఈల పోయింది.

అందుకే ముందు ఈ మాట. మెషిన్ పాతబడింది అని మీకు అనిపించినప్పుడు పది సార్లలో చాలాసార్లు పాతబడింది దాని చుట్టూ ఉన్న చిల్లర సామానే. మాస్కు కుషన్ చేత్తో పట్టుకుని చూడండి, సిలికాన్ మెత్తబడి, పసుపు తిరిగి, అంచులు వేలాడుతుంటే అది గాలి నిలపదు, మీరు బెల్టులు బిగిస్తూ పోతారు, ముక్కు మీద పుండు పడుతుంది తప్ప లీక్ ఆగదు. ఫిల్టర్ తీసి చూడండి. మన ఊళ్ళ దుమ్ముకి నెలకోసారి మార్చినా ఎక్కువేం కాదు. ఆ తెల్లటి పల్చటి ఫిల్టర్‌ని కడిగి ఆరేసి వాడే మహానుభావులు ఉన్నారు, అది కడిగేది కాదు. గాలికి తేమ ఇచ్చే నీళ్ళ డబ్బా చుట్టూ ఉన్న సీలు చీలినా గాలి అక్కడి నుంచే పోతుంది. ఈ నాలుగూ మార్చి, ఓ వారం చూసి, అప్పుడు కూడా తేడా ఉంటే మెషిన్ మీద అనుమానపడండి.

మెషిన్ నిజంగానే ముసలిదైందని చెప్పే గుర్తులు వేరే ఉంటాయి. లీక్ లేదు, బరువు పెరగలేదు, అయినా ఏహెచ్‌ఐ నెలనెలా మెల్లగా ఎక్కుతోంది, అంటే గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, సన్నగిల్లిందో చెప్పే లెక్క పెరుగుతోంది. పొద్దున నోరు ఎండిపోతోంది, డబ్బాలో నీళ్ళు చూస్తే రాత్రి పోసినవి పోసినట్టే ఉన్నాయి, అంటే కింద వేడి ప్లేటు పోయింది. మోటార్ నుంచి గరగర. అడాప్టర్ పిన్ కదిలిస్తే ఆగి ఆగి నడవడం. వైరు కాలిన వాసన వస్తే మాత్రం ఇంకో రాత్రి చూద్దాం అనుకోకుండా అక్కడికక్కడే ప్లగ్ పీకేయండి. నాకైతే గొట్టం మార్చిన రెండు వారాలకే స్క్రీన్ మీద మోటార్ ఆయుష్షు దాటింది, సర్వీసు వాళ్ళని సంప్రదించండి అని మెసేజ్ వచ్చింది. భయపడనక్కర్లేదు, అది వచ్చిన రాత్రే మెషిన్ ఆగిపోదు. ఆ మోడల్ 20 వేల గంటల ప్రాంతంలో ఇలా చెబుతుంది, రాత్రికి ఏడు గంటల లెక్కన అది దగ్గర దగ్గర ఎనిమిదేళ్ళు. కంపెనీ తన పుస్తకంలో మెషిన్‌కి రాసుకున్న ఆయుష్షు ఐదేళ్ళే, గొట్టానికి ఆరు నెలలు. ఐదేళ్ళు దాటగానే పారేయమని కాదు, ఐదు దాటిందంటే డబ్బులు పక్కన పెట్టుకోవడం మొదలెట్టమని. ఒకరోజు అర్ధరాత్రి అది ఆగిపోయాక పరుగెత్తి కొనేవాడికి బేరమాడే ఓపిక ఉండదు.

పాతది బతికి ఉండగానే చేయాల్సినవి

నా మటుకు అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. కొత్త మెషిన్ అంటే కొత్త వైద్యం కాదు. ఇన్నేళ్ళుగా మీ ఒంటికి కుదిరిన అంకెలు ఆ పాత డబ్బాలో ఉన్నాయి, అది కన్నుమూసేలోగా వాటిని బయటికి తీయాలి.

ఏమేం రాసుకోవాలంటే: మోడ్ ఏది (ఒకే ప్రెషర్‌దా, అవసరాన్ని బట్టి తానే మార్చుకునే ఆటోనా, పీల్చేటప్పుడు ఒకటి వదిలేటప్పుడు ఒకటి ఇచ్చే బైప్యాపా), కనిష్ఠ ప్రెషర్, గరిష్ఠ ప్రెషర్, ర్యాంప్ (తక్కువతో మొదలై ప్రెషర్ మెల్లగా పెరగడం) ఉంటే ఎన్ని నిమిషాలు, ఎంతతో మొదలవుతుంది, ఊపిరి వదిలేటప్పుడు ప్రెషర్ తగ్గించే సెట్టింగ్ ఎంత (రెస్‌మెడ్‌లో దీన్ని ఈపీఆర్ అంటారు, 1 నుంచి 3 దాకా ఉంటుంది), తేమ ఎంత మీద ఉంది, మాస్కు ఏ రకం అని పెట్టారు. ఎయిర్‌సెన్స్ 10లో అయితే హోమ్ బటనూ, తిప్పే గుండ్రటి డయలూ రెండూ కలిపి ఓ మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే డాక్టర్లు చూసే మెనూ తెరుచుకుంటుంది. ఫోన్‌తో ఒక్కో స్క్రీన్ ఫోటో తీసుకుని బయటికి వచ్చేయండి. చూసి రావడమే, తిప్పి రావడం కాదు. అక్కడే వాడిన గంటలు కూడా కనిపిస్తాయి. నాది 21 వేలు దాటి ఉంది, అంటే నా జీవితంలో దాదాపు రెండున్నర ఏళ్ళు ఆ గొట్టానికి కట్టేసి ఉన్నానన్నమాట.

ఇంకోటి ఎస్‌డీ కార్డు. మెషిన్ పక్కన చిన్న మూత కింద ఉంటుంది, రాత్రి రాత్రి సమాచారమంతా దాంట్లోనే. దాన్ని కంప్యూటర్‌లో పెట్టే ముందు పక్కన ఉన్న బుల్లి లాక్ కిందికి జరపండి, లేకపోతే కంప్యూటర్ తన ఫైళ్ళేవో దాని మీద రాసి గందరగోళం చేస్తుంది. మొత్తం కాపీ చేసి పెట్టుకోండి. ఆసక్తి ఉంటే ఆస్కార్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఏ రాత్రి ఎన్ని గంటలకి ఊపిరి ఆగిందో, లీక్ ఎప్పుడు పెరిగిందో గీతలు గీసి చూపిస్తుంది. కార్డు తీయడం తెలియదు, కంప్యూటర్ లేదు అంటే కనీసం స్క్రీన్ మీద స్లీప్ రిపోర్ట్‌ని నెలకీ, మూడు నెలలకీ పెట్టి రెండు ఫోటోలు తీసుకోండి, చాలు.

ఆ ఫోటోలు పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. షాపుకి కాదు, డాక్టర్‌కి. మన దగ్గర చీటీ అడగకుండానే మెషిన్ అమ్మేసే షాపులు ఉన్నాయి, అలాగని మీ ప్రెషర్ షాపాయన నిర్ణయించకూడదు కదా. తొమ్మిదేళ్ళలో బరువు బాగా పెరిగినా, తగ్గినా, ఈమధ్య గుండె జబ్బో, పక్షవాతమో వచ్చినా, నొప్పికి గట్టి మాత్రలు వాడుతున్నా, ఆ పాత అంకెలు ఇప్పుడు సరిపోకపోవచ్చు, మళ్ళీ నిద్ర పరీక్ష అవసరమేమో ఆయన చెబుతారు. నాకు టెస్టు రోజున ఏహెచ్‌ఐ 46 వచ్చింది, 30 దాటితేనే తీవ్రం అంటారు. మెషిన్ పెట్టాక ఏళ్ళ తరబడి 2 దగ్గరే ఉంది, 5 లోపు ఉంటే బాగున్నట్టే. అందుకని మా డాక్టర్ మళ్ళీ పరీక్ష అక్కర్లేదు, అవే సెట్టింగులు పెట్టుకోండి అని కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితం విలువ కొన్నరోజు రాత్రి తెలిసింది, అది తర్వాత చెప్తా.

ఏది కొనాలి

ఆటో మెషిన్లు మన దగ్గర 30 వేల పైచిలుకు నుంచి 80, 90 వేల దాకా ఉన్నాయి. ఏళ్ళుగా ఒక కంపెనీది వాడి సుఖంగా ఉంటే ఆ కంపెనీదే తీసుకోవడం మేలని నా అభిప్రాయం, కంపెనీల మీద ప్రేమతో కాదు. ఒక్కో కంపెనీ మెషిన్ ఊపిరిని ఒక్కో రకంగా అనుసరిస్తుంది, ప్రెషర్ అంకె ఒకటే అయినా వదిలేటప్పుడు అనిపించేది వేరు. పైగా లెక్కలు కూడా కలవవు. రెస్‌మెడ్ మాస్కు అంచుల్లోంచి పోయే అనవసరపు గాలిని మాత్రమే లీక్ అని చూపిస్తుంది, నిమిషానికి 24 లీటర్లు దాటితే ఎక్కువని లెక్క. ఫిలిప్స్ పాత మెషిన్లు మాస్కు రంధ్రాల్లోంచి మామూలుగా పోయే గాలిని కూడా కలిపి చూపిస్తాయి. ఇది తెలియక కంపెనీ మార్చినవాళ్ళు అంకె చూసి అమ్మో లీక్ ఇంత పెరిగిందేమిటని టెన్షన్ పడతారు.

మాస్కు మాత్రం మార్చనక్కర్లేదు. మామూలు మాస్కుల, గొట్టాల జాయింటు అన్ని కంపెనీలకీ 22 మిల్లీమీటర్లే, జేబులో పట్టే ప్రయాణపు బుల్లి మెషిన్లు కొన్ని మాత్రమే ఇందుకు మినహాయింపు. నీళ్ళ డబ్బా, వేడి గొట్టం, అడాప్టర్ మాత్రం ఒకే కంపెనీలో కూడా మోడల్ మారితే కుదరవు. ఎయిర్‌సెన్స్ 10 డబ్బా దాని తర్వాతి మోడల్ ఎయిర్‌సెన్స్ 11కి పట్టదు. అడాప్టర్లు రెండూ 24 వోల్టులే కానీ పాతదానిది 90 వాట్లు, కొత్తదానిది 65. పాత డబ్బాలు రెండు కొత్తవి అలమరలో ఉన్నాయి కదా అని లెక్కేసుకుంటే (నేను వేసుకున్నాను) పప్పులో కాలేసినట్టే. బైప్యాప్ వాడుతున్నవాళ్ళు ధర తక్కువ కదా అని సొంతంగా సీప్యాప్‌కి మారకండి, అది వేరే అవసరం కోసం ఇచ్చింది.

మీ పాతది ఫిలిప్స్ మొదటి తరం డ్రీమ్‌స్టేషనో, సిస్టమ్ వన్నో అయితే ఇంకో సంగతి. చప్పుడు తగ్గించడానికి లోపల పెట్టిన ఫోమ్ పొడిలా రాలి గాలిలో కలిసే ప్రమాదం ఉందని 2021 జూన్‌లో ఆ కంపెనీయే ప్రపంచమంతా వెనక్కి పిలిచింది. 2021 ఏప్రిల్ 26కి ముందు తయారైనవి ఆ జాబితాలో ఉన్నాయి. అలాంటిది ఇంకా వాడుతూ ఉంటే, బాగానే నడుస్తోంది కదా అని ఊరుకోకుండా, సీరియల్ నంబర్ చెప్పి కనుక్కుని డాక్టర్‌తో మాట్లాడండి. అన్నట్టు ఓజోన్‌తో శుభ్రం చేసే పెట్టెలని అమ్ముతుంటారు, వాటి జోలికి పోకండి, సబ్బు నీళ్ళు చాలు.

అమెరికాలో పిల్లలు ఉన్నవాళ్ళు అడిగేది ఒకటుంది, మావాడు వచ్చేటప్పుడు తెస్తాడు, తీసుకోవచ్చా అని. కరెంటుతో సమస్య లేదు, అడాప్టర్ 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటుంది. కానీ అక్కడ డాక్టర్ చీటీ లేనిదే అమ్మరు, వారంటీ సాధారణంగా కొన్న దేశంలోనే, ఇక్కడ సర్వీసు సెంటర్ వాళ్ళు సీరియల్ నంబర్ చూసి ఇది మాది కాదండీ అంటే చేసేదేం లేదు. కొన్ని వేలు మిగుల్చుకోవడానికి ఐదేళ్ళ నెత్తినొప్పి. అక్కడే ఉండే పెద్దవాళ్ళ సంగతి వేరు, అక్కడి ప్రభుత్వం పెద్దవాళ్ళకిచ్చే బీమా మెడికేర్ అయితే ఐదేళ్ళు దాటాక కొత్తది ఇస్తుంది.

షాపులో

పెట్టె మీ ముందే తెరిపించండి. ఆన్ చేసి వాడిన గంటలు ఎన్నో చూపించమనండి. సున్నా ఉండాలి. వందల్లో ఉంటే అది డెమో పీసో, అద్దెకి తిప్పిందో. పెట్టె మీదా, మెషిన్ అడుగునా, బిల్లు మీదా సీరియల్ నంబర్ ఒకటేనా చూడండి. బయటి దేశం నుంచి వచ్చిన పరికరం మీద దిగుమతి చేసుకున్నవారి పేరు, అడ్రసు, లైసెన్స్ నంబర్ ఉండాలి, అవి లేని పెట్టె ఎంత చవకైనా వద్దు. వారంటీ ఎన్నేళ్ళో నోటి మాట కాకుండా బిల్లు మీద రాయించుకోండి, రిపేరుకి ఇస్తే ఆ రోజుల్లో వేరే మెషిన్ ఇస్తారా అని కూడా అడగండి. వైద్య పరికరాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతానికి తగ్గింది, బిల్లులో ఎంత వేశారో ఓసారి చూడండి. ఆరోగ్య బీమా ఇంటికి కొనే మెషిన్‌కి చాలావరకు ఇవ్వదు. సీజీహెచ్‌ఎస్ ఉన్న కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, పెన్షనర్లు మాత్రం కొనకముందే డాక్టర్ కాగితంతో అనుమతి కోసం అడగాలి, కొన్నాక పరుగెడితే లాభం లేదు.

ఇంకో చిన్న పరీక్ష. మెషిన్ నడుస్తుండగా గోడ దగ్గర స్విచ్ ఆపి, ఐదు సెకన్లాగి మళ్ళీ వేయమనండి. తనంతట తాను అందుకుంటుందా, మీరు బటన్ నొక్కాలా? మా ఇంట్లో కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణం కోసం ఇది అడిగాను. విజయవాడలో మే నెల రాత్రి ఎన్నిసార్లు నిద్ర లేవాలో దీన్ని బట్టే ఉంటుంది. కరెంటు పోయినప్పుడు హ్యుమిడిఫయర్ (నీళ్ళ డబ్బాని వేడి చేసి తేమ ఇచ్చేది) ఆపేస్తే ఇన్వర్టర్ ఎక్కువసేపు లాగుతుంది, కరెంటు ఎక్కువ తినేది ఆ వేడి ప్లేటే.

మొదటి రాత్రి

కొన్నరోజు షాపాయన "అంతా సెట్ చేసేశాను సార్, వెళ్ళి హాయిగా పడుకోండి" అన్నాడు. నేనూ నమ్మాను. రాత్రి మాస్కు పెట్టుకుని బటన్ నొక్కితే గాలి రావట్లేదు. వస్తోంది, కానీ స్ట్రా పెట్టుకుని పీలుస్తున్నట్టుంది, గుండె దడదడ, మాస్కు పీకి లేచి కూర్చున్నాను. తొమ్మిదేళ్ళుగా లేనిది ఇదేం ఖర్మ, కొత్త మెషిన్ పాడుదా అనుకుని, మెనూ తెరిచి డాక్టర్ రాసిచ్చిన కాగితం పక్కన పెట్టి చూస్తే విషయం అర్థమైంది. నా ప్రెషర్ 10 నుంచి 14. ఆయన ముట్టుకోనే లేదు, ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే 4 నుంచి 20 మీద ఉంది. 10కి అలవాటైన ఊపిరితిత్తులకి 4 అంటే గొంతు నొక్కినట్టే ఉంటుంది. ఆ రాత్రి పాత మెషిన్ తగిలించుకుని పడుకుని, పొద్దున డాక్టర్‌గారి దగ్గర టెక్నీషియన్‌తో కాగితంలో ఉన్నట్టు పెట్టించుకున్నాను. మీరు ఈ పని షాపులోనే, కౌంటర్ ముందు నిలబడి, ఒక్కో అంకె కాగితంతో సరిచూసుకుని చేయండి. మాస్కు కూడా పట్టుకెళ్ళి, అక్కడే కుర్చీలో కూర్చుని పది నిమిషాలు పీల్చి చూడండి, సిగ్గేం లేదు.

ఆ తర్వాత రెండు వారాలు ఏదీ మార్చకండి. కొత్త మెషిన్‌తో పాటు కొత్త మోడల్ మాస్కు కూడా అంటగడతారు, దాన్ని పెట్టెలోనే ఉంచండి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది కుదరలేదో ఎప్పటికీ తెలియదు. రోజూ పొద్దున మూడు అంకెలు రాసుకోండి: ఎన్ని గంటలు, ఏహెచ్‌ఐ ఎంత, లీక్ ఎంత. మొదటి రెండు మూడు రోజులు కాస్త అటూ ఇటూ ఉంటుంది. నాకు మొదటిరోజు 4.8, ఐదో రోజుకి 2.1. రెండు వారాలకి కూడా పాత అంకె దగ్గరికి రాకపోతే, లేదా 5 పైనే ఉంటే, కార్డు పట్టుకుని డాక్టర్ దగ్గరికి. మధ్యాహ్నం కునికిపాట్లు వస్తుంటే ఆ రెండు వారాలూ హైవే మీద కారు తోలకండి.

నీళ్ళ సంగతి రెండు ముక్కలు. మా బోరు నీళ్ళు పోస్తే వారానికే డబ్బా అడుగున తెల్లగా సున్నం కడుతుంది. డిస్టిల్డ్ వాటరే పోయండి, పెట్రోల్ బంకులో అమ్మే బ్యాటరీ వాటర్ కాదు, అది పీల్చే గాలికి చేసింది కాదు. పొద్దున మిగిలినవి పారబోసి డబ్బా ఆరబెట్టండి. నీళ్ళతో ఉన్న మెషిన్‌ని అటూ ఇటూ మోయకండి, ఒక్కసారి ఒరిగితే నీళ్ళు మోటార్‌లోకి పోతాయి. దాన్ని మంచం కంటే కాస్త కిందగా పెడితే, ఏసీ చల్లదనానికి గొట్టంలో పేరుకున్న నీళ్ళు మొహం మీదికి కాకుండా వెనక్కి పోతాయి. అప్పటికీ గొట్టంలో గడగడమంటుంటే తేమ ఒక మెట్టు తగ్గించండి.

పాతదాన్ని ఏం చేయాలి

నడుస్తూ ఉంటే, వెనక్కి పిలిచిన జాబితాలోది కాకపోతే, ఉంచుకోండి. నేను డబ్బా ఆరబెట్టి, కొత్త ఫిల్టర్ వేసి, అడాప్టర్ దానికే రబ్బర్ బ్యాండ్‌తో కట్టి అలమరలో పెట్టాను, నెలకోసారి తీసి పది నిమిషాలు నడిపిస్తాను. అడాప్టర్ విడిగా పెడితే అవసరమైన రోజు దొరకదు. అలాంటిది లేనివాళ్ళకి ఒకవేళ మెషిన్ మధ్యలో ఆగిపోతే, కొత్తది వచ్చేదాకా అద్దెకిచ్చేవాళ్ళు పెద్ద ఊళ్ళలో ఉంటారు, అది కూడా దొరకని రాత్రి పక్కకి తిరిగి, తల ఎత్తుగా పెట్టుకుని పడుకోండి, ఆ రోజు మద్యం, నిద్రమాత్ర రెండూ వద్దు.

మా ఆవిడ "మా అన్నయ్య గురకకి ఇల్లు అదిరిపోతుంది, ఆ పాతది ఆయనకి ఇచ్చేయకూడదూ" అంది. మంచి మనసుతోనే అంది. నేను ఇవ్వలేదు, బావగారిని బతిమాలి టెస్టుకి పంపాను. ఏహెచ్‌ఐ 38 వచ్చింది, డాక్టర్ పెట్టిన ప్రెషర్ 6 నుంచి 10. నా మెషిన్ మొదలయ్యేదే 10 దగ్గర.